దొరకని బోల్టు కోసం: పాత పికప్ ట్రక్కుల పునరుద్ధరణలో ఒక చిక్కుముడి

పాత పికప్ ట్రక్కును మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకున్నవారు మొదట భయపడేది ఇంజిను గురించి, గేరుబాక్సు గురించి, తుప్పు తిన్న రేకు గురించి. తీరా పని మొదలయ్యాక పిస్టన్లు దొరుకుతాయి, రేకును వంచి అతికే పనివారూ దొరుకుతారు. తలుపు కీలును పట్టి ఉంచే ఒక స్క్రూ మాత్రం దొరకక, రంగు వేసి సిద్ధంగా ఉంచిన తలుపు వారాల తరబడి గోడకు ఆనుకుని ఉంటుంది. వాహనం మొత్తంలో అతి చిన్న వస్తువే పనిని అంతటినీ ఆపేయడం ఈ రంగంలో ఎంత మామూలు విషయమో, అనుభవం లేనివారికి అంత ఆశ్చర్యం కలిగించే విషయం.

"ఈ బోల్టు దొరకడం లేదు" అని ఒక్క మాటలో అనేస్తాం కానీ, బోల్టు అంటే ఐదు లక్షణాల కలయిక: దాని మర (ఒంటి చుట్టూ మెలితిరిగే పోగుల వరుస), తల, ఒడలి ఆకారం, ఉక్కు బలం, పైపూత. ఈ ఐదింటిలో సాధారణంగా నాలుగు ఎక్కడైనా దొరికేవే ఉంటాయి, అరుదైనది ఒక్కటే. ఆ ఒక్కటి ఏదో తేల్చుకుని, ఆ చోట అది పనికి అవసరమా లేక కంటికి మాత్రమే అవసరమా అన్నది నిర్ణయించుకుంటే, దొరకదనుకున్న బోల్టుల్లో చాలా భాగం మామూలు సరుకుగా మారిపోతాయి. నిజంగా దొరకనివి చివరికి గుప్పెడు మిగులుతాయి. వెదకులాట, ఖర్చు, లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) పని వాటికి కేటాయించవచ్చు.

విప్పేటప్పుడే మొదలు

వెదకులాట అంగట్లో కాదు, విప్పుతున్నప్పుడే మొదలవుతుంది. దశాబ్దాల తుప్పు పట్టిన బోల్టును విప్పడానికి చొరబడే నూనె, వేడి, సుత్తి దెబ్బ, తల తెగిపోతే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం వంటి పద్ధతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఎర్రగా కాల్చి తీసిన బోల్టు తన పూర్వపు బలాన్ని కోల్పోయి ఉంటుంది కనుక దాన్ని మళ్లీ బిగించకూడదు, కానీ నమూనాగా అది బంగారం. విరిగిన ముక్క మీద నాలుగు పోగుల మర మిగిలినా అది సాక్ష్యమే. ఏ చోటి బోల్టును ఆ చోటి పేరు రాసిన సంచిలో వేసి, దాని కింద ఉన్న వాషర్లను ఉన్న వరుసలోనే తీగకు గుచ్చి ఉంచడం కాస్త విసుగు పుట్టించే పని; అన్నీ ఒకే డబ్బాలో పోసినవారు తరువాత పడే విసుగు ముందు అది ఏపాటిది కాదు.

అయితే ఆ సాక్ష్యాన్ని గుడ్డిగా నమ్మడానికీ వీల్లేదు. డెబ్బై ఏళ్లలో నలుగురైదుగురి చేతులు మారిన వాహనంలో, విరిగిన దాని బదులు చేతికి దొరికింది బిగించిన సందర్భాలు తప్పకుండా ఉంటాయి. ఇందుకు ఒక సులువైన పరీక్ష ఉంది. వాహనానికి కుడి ఎడమలు రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. ఎడమ మడ్‌గార్డుకు ఉన్న ఆరు బోల్టులను కుడి మడ్‌గార్డు బోల్టులతో పోల్చి చూస్తే, వేరుగా ఉన్నది తరువాతి కాలంలో వచ్చి చేరిందని చాలా సందర్భాల్లో తేలిపోతుంది. రెండు వైపులా ఒకే రకం తల, తల మీద ఒకే తయారీదారు గుర్తు, ఒకే పొడవు కనబడితే అది కర్మాగారంలో బిగించిందేనని నమ్మవచ్చు.

మర చెప్పే కథ

మర, అంటే పనివారు థ్రెడ్ అనేది, వెదకులాటలో అందరినీ ఎక్కువగా భయపెట్టే లక్షణం; నిజానికి అన్నిటికన్నా తక్కువ అరుదైనది అదే. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించి, పోగు కోణాన్ని 55 డిగ్రీలుగా స్థిరపరిచాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలో తన ప్రమాణాన్ని ప్రకటించి 60 డిగ్రీలను ఎంచుకున్నాడు. ఒకే వ్యాసం ఉన్నా ఒకరి నట్టు మరొకరి బోల్టుకు సరిగా కూర్చోని ఈ స్థితి రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాలను నానా తిప్పలు పెట్టాక, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా మూడూ కలిసి 60 డిగ్రీల ఏకీకృత మరకు ఒప్పుకున్నాయి. మన పనికి అవసరమైన సంగతి ఏమిటంటే, అంతకుముందు అమెరికాలో వాడుకలో ఉన్న జాతీయ ప్రమాణపు ముతక, సన్న మరలు ఈ కొత్త ఏకీకృత మరలతో మామూలు కొలతల్లో సరిపోతాయి. కాబట్టి 1940ల నాటి అమెరికన్ పికప్ ట్రక్కులోని బోల్టు మరకు సరిపడే బోల్టు ఈనాటికీ తయారవుతూనే ఉంది. పావు అంగుళానికి ముతకలో అంగుళానికి 20 పోగులు, సన్నంలో 28. 5/16కు 18, 24. 3/8కు 16, 24. 7/16కు 14, 20. అర అంగుళానికి 13, 20. ట్రక్కులో కనబడే బోల్టుల్లో అధిక భాగం ఈ పది జతలలోనే ఇమిడిపోతాయి.

బ్రిటిష్ వాహనాలైతే లెక్క వేరు. వాటిలో విట్‌వర్త్ ముతక మరతో పాటు 1908లో వచ్చిన బ్రిటిష్ సన్న మర కూడా ఉంటుంది. పావు అంగుళం మొదలు 7/16 వరకు విట్‌వర్త్ పోగుల లెక్క అమెరికన్ ముతక మర లెక్కతో కలుస్తుంది, అర అంగుళం దగ్గర మాత్రం 13కు బదులు 12 అవుతుంది. లెక్క కలిసిన చోటే మోసం ఉంది: 3/8 అమెరికన్ బోల్టు విట్‌వర్త్ నట్టులో తిరుగుతుంది, బిగిసినట్టూ అనిపిస్తుంది, కానీ పోగుల కోణాలు వేరు కాబట్టి అవి ఒకదానిపై ఒకటి పూర్తిగా ఆనక అంచుల మీదే బరువు మోస్తాయి. ఇక బ్రిటిష్ కార్ల సంస్థ మోరిస్ ఇంజిన్ల సంగతి మరీ విడ్డూరం. ఫ్రెంచి సంస్థ హాచ్‌కిస్ ఇంగ్లండులోని కర్మాగారంలో మోరిస్ కోసం ఇంజిన్లు తయారుచేసినప్పుడు తన మెట్రిక్ మరలనే ఉంచి, తలలను మాత్రం స్థానిక పానాలకు సరిపోయేలా విట్‌వర్త్ కొలతల్లో పెట్టింది. ఆ ఆచారం తరువాత కూడా చాలాకాలం సాగింది. తల చూసి మరను ఊహించకూడదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు కనబడలేదు.

జపాన్ పాత పికప్‌లలో చిన్న స్క్రూల మర నేటి మెట్రిక్ ప్రమాణానికి ముందరిదై ఉండవచ్చు. ఈనాటి 3, 4, 5 మిల్లీమీటర్ల స్క్రూలకు పోగుల మధ్య దూరం వరుసగా 0.5, 0.7, 0.8 మిల్లీమీటర్లు అయితే, పాత జపాన్ ప్రమాణంలో అది 0.6, 0.75, 0.9గా ఉండేది. తేడా వెంట్రుకవాసే అయినా రెండు చుట్లకు మించి తిరగదు. అమెరికన్ ట్రక్కుల్లో 1970ల నుంచి మెట్రిక్ కొలతలు మెల్లగా ప్రవేశించాయి కనుక, ఆ దశకం తరువాతి వాహనంలో ఒకే క్యాబిన్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనబడితే తికమక పడనవసరం లేదు.

మరను పోల్చుకోవడానికి కావలసింది వ్యాసం కొలిచే ఒక వర్నియర్ కాలిపర్, పోగుల మీద ఆనించి వాటి దూరాన్ని పోల్చే పళ్లున్న ఒక థ్రెడ్ గేజ్. కొలిచేటప్పుడు నట్టు కింద దాగి తుప్పు తగలని భాగాన్నే ఎంచుకోవాలి. పోగుల కొసలు ఎప్పుడూ కాస్త మొద్దుగా ఉంటాయి కనుక బయటి వ్యాసం పేరుకు ఉన్న కొలత కన్నా పిసరంత తక్కువే చూపుతుంది. 5/16 అంటే లెక్కకు 7.94 మిల్లీమీటర్లు, కాలిపర్ 7.8 చూపితే అది తప్పు కాదు. వ్యాసం ఒక్కటే చూసి దాన్ని 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు అనుకోవడమే అసలు తప్పు. ముతక 5/16లో పోగుల మధ్య దూరం 1.41 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టులో 1.25, రెండు మూడు చుట్లలోనే పట్టేస్తుంది కాబట్టి అక్కడ చెయ్యి హెచ్చరిస్తుంది. ఏ హెచ్చరికా చేయని జత వేరే ఉంది. అంగుళానికి 32 పోగులున్న పదో నంబరు అమెరికన్ స్క్రూ వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, పోగుల దూరం 0.794, అది 0.8 దూరం ఉన్న 5 మిల్లీమీటర్ల నట్టులోకి హాయిగా, నూనె రాసినట్టు జారిపోతుంది. లోపల పోగులు సగమే ఆనుకుని ఉన్నాయని తెలిసేది కుదుపులకు అది ఊడిపోయాకనే. అందుకే సులువుగా తిరిగినంత మాత్రాన సరిపోయిందని అనుకోకుండా, గేజ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి, పోగుల మధ్య కాంతి దూరే సందు లేదని చూసుకోవాలి.

రంధ్రం మాత్రమే మిగిలి బోల్టు లేని చోట, మెత్తని మైనాన్ని లోపలికి నొక్కి గట్టిపడ్డాక మెల్లగా వెనక్కి తిప్పి తీస్తే పోగుల అచ్చు బయటికి వస్తుంది. గేజ్‌ను దాని మీద ఆనించి చూడవచ్చు. తుప్పు పట్టిన రంధ్రాన్ని శుభ్రం చేయడానికి, మర కోసే మామూలు ట్యాప్ దింపితే అది తుప్పుతో పాటు లోహాన్నీ కోసేసి మరను వదులు చేస్తుంది. మరను చెరిపి కొత్తది కోయకుండా, ఉన్నదాన్ని సరిచేసే ఛేజర్ అనే పరికరాన్ని వాడటం మేలు.

ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితే బిగిసేది, ఉన్నదేమో కూడా చూసుకోవాలి. క్రైస్లర్ సంస్థ తన డాడ్జ్ ట్రక్కులు సహా చాలా వాహనాలకు ఎడమవైపు చక్రాలను పట్టి ఉంచే మరకడ్డీలను, అంటే స్టడ్‌లను, ఎడమ మరతో తయారుచేసే పద్ధతిని 1970ల తొలినాళ్ల వరకు కొనసాగించింది. స్టడ్ కొస మీద సాధారణంగా ఆంగ్ల అక్షరం 'ఎల్' చెక్కి ఉంటుంది, కానీ తుప్పు, రంగు కలిసి దాన్ని కప్పేస్తాయి. దొరకని బోల్టుల జాబితాలో ఇవి చేరేది చాలావరకు స్వయంకృతం వల్లనే. విప్పుతున్నామనుకుని పొడవాటి గొట్టం తగిలించి మరింత బిగించి విరగ్గొట్టినవే ఎక్కువ.

తల, తలలోని గాడి

అరుదు అనిపించే లక్షణం చాలాసార్లు తలే. హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు రెక్కల గాడి 1936లో కాడిలాక్ కార్ల తయారీలో వాడుకకు వచ్చింది. కెనడాకు చెందిన రాబర్ట్‌సన్ 1908లో రూపొందించిన చదరపు గాడిని అక్కడి ఫోర్డ్ కర్మాగారం మోడల్ టీ కోసం వాడింది. ఆరు రేకుల టోర్క్స్ గాడి 1967లో గాని రాలేదు. ఈ కాలక్రమం తెలిస్తే, 1950ల నాటి ట్రక్కులో టోర్క్స్ తల కనబడగానే అది తరువాత ఎవరో బిగించిందని చెప్పేయవచ్చు.

జనరల్ మోటార్స్ 1940, 50లలో తన ట్రక్కుల క్యాబిన్లలో విరివిగా వాడిన క్లచ్ తల స్క్రూ వీటన్నిటిలోకీ ప్రత్యేకమైనది. తల మీద గాడి రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. ఆ రెక్కల నిటారు గోడల వల్ల స్క్రూడ్రైవర్ మొన బయటికి జారదు. 1947 నుంచి 1955 తొలినాళ్ల వరకు వచ్చిన ఆ సంస్థ షెవ్రొలే ట్రక్కుల తలుపు కీళ్ల దగ్గర వీటిని చూడవచ్చు. ఇవి దొరకడం కష్టమే. కానీ ఐదు లక్షణాల లెక్క వేస్తే, దీని మర మామూలు అమెరికన్ మర, బలం మామూలు బలం, పూత మామూలు పూత. అరుదైనది గాడి ఆకారం ఒక్కటే, దాని పని బిగించే సమయంలోనే తప్ప ఆ తరువాత లేదు. ప్రదర్శనలో కర్మాగారపు రూపం కోసం మార్కులు వేయించుకోవాలనుకునేవారు క్లచ్ తల కోసమే వెదకాలి. తక్కినవారు అదే కొలతలో ఫిలిప్స్ తల స్క్రూ వాడితే తలుపుకు వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. రేకులోకి దిగి సమంగా కూర్చునే స్క్రూ తల కింది శంకువు కోణం కూడా తలలో భాగమే. అమెరికన్ అంగుళాల స్క్రూలకు ఆ కోణం 82 డిగ్రీలు, మెట్రిక్ స్క్రూలకు 90. కీలులోని గుంటకు సరిపడని కోణం ఉన్న స్క్రూ చూపుకు కూర్చున్నట్టే ఉంటుంది కానీ సన్నని అంచు మీద మాత్రమే ఆనుతుంది. నెల తిరిగేసరికి ఆ అంచు నలిగి కీలు వదులవుతుంది, తలుపు కిందికి జారుతుంది. ఎంతో శ్రద్ధగా సరిచేసిన తలుపు సందు తేడా వస్తే అందరూ కీలు కడ్డీని అనుమానిస్తారు గానీ స్క్రూ శంకువును అనుమానించరు.

జపాన్ వాహనాలలోని నాలుగు రెక్కల గాడిని ఫిలిప్స్ గాడి అనుకోవడం మరో పొరపాటు. రెండూ కవలల్లా కనబడినా జపాన్ ప్రమాణపు గాడి లోతు, అడుగు ఆకారం వేరు. ఫిలిప్స్ మొనతో తిప్పితే పైకి జారి గాడిని తినేస్తుంది. వీటిలో 'దొరకని' స్క్రూ ఎన్నోసార్లు తప్పు స్క్రూడ్రైవర్ చేతిలో చచ్చిపోయిన స్క్రూయే. అదే విధంగా జపాన్ వాహనాల 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 మిల్లీమీటర్ల పానా పడుతుంది, సాధారణ అంతర్జాతీయ ప్రమాణంలో 13 పడుతుంది. ఇరుకు చోట్లలో ఈ ఒక్క మిల్లీమీటరు వల్ల సాకెట్ దూరకపోవచ్చు. విట్‌వర్త్ పానాల మీద అంకెలు తల వెడల్పును గాక బోల్టు వ్యాసాన్ని సూచిస్తాయన్నది కూడా కొత్తవారిని తికమక పెట్టే సంగతే.

ఒడలి ఆకారం, దాని వెనుక ఉద్దేశం

నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. మర, తల కొలతకు లొంగుతాయి. ఒడలి ఆకారాన్ని మాత్రం అది చేసే పనిని అర్థం చేసుకుంటే తప్ప పోల్చలేం.

భుజం బోల్టును తీసుకుందాం. క్లచ్ పెడల్ లింకుకో (కదలికను అందించే కడ్డీకో), వైపర్ చేతికో, వెనుక తలుపు ఆధారానికో ఉండే ఈ బోల్టులో తల కింద కొంత దూరం నున్నని లావు కడ్డీ, ఆ తరువాత సన్నని మర ఉంటాయి. బిగించినప్పుడు ఆ లావు భాగం అంచు, అంటే భుజం, వెనుక రేకుకు గట్టిగా ఆనుతుంది; తలకూ రేకుకూ మధ్య చిక్కుకున్న లింకు మాత్రం స్వేచ్ఛగా ఊగుతుంది. బోల్టు బిగుతుగా ఉండాలి, అది పట్టుకున్న భాగం కదలాలి అనే రెండు పరస్పర విరుద్ధమైన కోరికలను ఆ భుజం ఒక్కటే తీరుస్తుంది. దీని బదులు మామూలు బోల్టు పెడితే, బిగిస్తే లింకు పట్టేస్తుంది, వదులు చేస్తే బోల్టు ఊడుతుంది. ఇలాంటి చోట భుజం పొడవు లింకు మందం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలన్నదే కీలకమైన కొలత. అరిగిపోయిన పాత బోల్టును మక్కీకి మక్కీ నకలు చేస్తే ఆ అరుగుదల కూడా నకలవుతుంది. కాబట్టి బోల్టుతో పాటు అది పట్టే లింకునూ కొలవాలి.

పంజరపు నట్టు కథ మరింత చిక్కైనది. తలుపు స్తంభం లోపల, మడ్‌గార్డు వెనుక, చెయ్యి దూరని డొల్ల భాగాలలో పలుచని రేకు పంజరాన్ని చుక్క వెల్డింగ్‌తో అతికించి దానిలో నట్టును వదులుగా ఉంచుతారు. ఏళ్ల తరువాత బోల్టు పట్టేస్తుంది, పానాకు బలం పెడితే పంజరం చిరిగి నట్టు లోపల గిరగిర తిరుగుతుంది. విసిగిపోయిన పనివాడు డొల్లను కాస్త కోసి, కొత్త నట్టును నేరుగా రేకుకు వెల్డింగ్ చేసేస్తాడు. అప్పటికి పని అయిపోయినట్టే ఉంటుంది. తలుపు బిగించే రోజున గాని తెలియదు, పంజరంలో నట్టుకు వదిలిన ఆ కొద్ది జాగా నిర్లక్ష్యం కాదని, తలుపును పైకీ కిందికీ, లోపలికీ బయటికీ జరిపి సందు సరిచేసుకోవడానికి ఉంచినదని. కదలని నట్టుతో తలుపు సందు సరికాదు. మందపాటి ఇనుప పలకకు మర కోసి, దాన్ని డొల్లలో జారవిడిచి, పలుచని రేకు కొక్కెంతో పడిపోకుండా ఆపితే మూల నట్టు చేసిన పనినే అదీ చేస్తుంది. అసలు పంజరపు నట్టు దొరికినా దొరకకపోయినా నష్టం లేదు.

పలుచని స్ప్రింగు ఉక్కు రేకును వంచి చేసిన బిగింపు నట్లు కూడా చూడటానికి అల్పంగా ఉండి, పోయినప్పుడు తమ విలువ తెలియజేసేవే. క్లీవ్‌లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ టినర్మన్ 1920లలో వీటిని రూపొందించింది వాహనాల కోసం కాదు, పింగాణీ పూత వేసిన పొయ్యిల కోసం. గట్టి నట్టు బిగిస్తే పూత పెచ్చులూడుతుందని స్ప్రింగులా ఒదిగే నట్టును తయారుచేశాడు. రంగు వేసిన రేకు మీద, చిహ్నాల వెనుక, డాష్‌బోర్డు అంచుల దగ్గర ఇవి కనబడటానికి కారణం కూడా అదే, కనుక వాటి చోట మామూలు నట్టు బిగించి రంగును పగలగొట్టుకోవద్దు.

ట్రక్కు వెనుక సామాను తొట్టి అడుగున చెక్క పలకలను, వాటి మధ్య ఇనుప పట్టీలను బిగించే గుండ్రని తల బోల్టులకు తల కింద చదరపు మెడ ఉంటుంది; పట్టీలోని చదరపు రంధ్రంలో ఆ మెడ ఇరుక్కుని, కింద నట్టు తిప్పుతుంటే బోల్టు తిరగకుండా ఆపుతుంది. ఇవి ఇప్పటికీ తయారవుతున్నాయి కానీ తల వ్యాసం, మెడ వెడల్పు, మెడ లోతు మూడూ సరిచూసుకోవాలి. మెడ లోతు పట్టీ మందం కన్నా బాగా ఎక్కువైతే చెక్కను చీల్చుతుంది.

ఛాసిస్‌లో రివెట్లను తీసేసిన చోట ఏం పెట్టాలన్నది మరో ప్రశ్న. వేడి చేసి కొట్టిన రివెట్ రంధ్రం నిండా ఉబ్బి కూర్చుంటుంది. దాని స్థానంలో వదులుగా దూరే బోల్టు పెడితే కుదుపులకు రంధ్రం కోలగా సాగుతుంది. రంధ్రాన్ని రీమర్ అనే కోత పరికరంతో సాపు చేసి, మర లేని నున్నని ఒడలు రెండు పలకల కలయిక దగ్గర ఉండేలా, బిగుతుగా పట్టే అధిక బలపు బోల్టును పూర్తి బిగువుతో బిగించడం ఆమోదయోగ్యమైన పద్ధతి. కమాను కట్టలను (లీఫ్ స్ప్రింగులను) ఛాసిస్‌కు తగిలించే షాకిల్ బోల్టులకూ ఈ నియమమే వర్తిస్తుంది. తల దాకా మర ఉన్న బోల్టు పొడవుకు సరిపోయిందని పెట్టడం అక్కడ చేయగల పొరపాట్లన్నిటిలోకీ చెడ్డది. కోత బలం పడే చోట మర లోయ ఉంటే పగులు పుట్టేది అక్కడే.

బలం, పూత

అమెరికన్ ప్రమాణంలో తల మీద గీతలు లేకపోతే రెండో శ్రేణి, మూడు గీతలుంటే ఐదో శ్రేణి, ఆరుంటే ఎనిమిదో శ్రేణి. చదరపు అంగుళానికి 74,000, 1,20,000, 1,50,000 పౌనులు వాటి వాటి కనీస తెగుబలాలు. మెట్రిక్‌లో ఐదో శ్రేణికి దగ్గరది 8.8, ఎనిమిదో శ్రేణికి దగ్గరది 10.9. పాత బోల్టు మీద గీతలకు బదులు అక్షరాలు మాత్రమే ఉంటే అవి తయారీదారు గుర్తులు. బలాన్ని వాటి నుంచి ఊహించకుండా, స్టీరింగ్, బ్రేకు, కమాను కట్టల వంటి చోట్ల వాహన మరమ్మతు పుస్తకం చెప్పిన శ్రేణినే పాటించాలి. గీతలనూ నమ్మలేని కాలం ఒకటి గడిచింది. ఎనిమిదో శ్రేణి గుర్తులతో నాసిరకం ఉక్కు బోల్టులు అమెరికా మార్కెట్లోకి వెల్లువెత్తడంతో అక్కడి కాంగ్రెస్ 1990లో బోల్టుల నాణ్యతకే ఒక చట్టం చేయవలసి వచ్చింది. ఆ కాలపు డబ్బాలు ఇప్పటికీ 'వాడని పాత సరుకు' పేరుతో తిరుగుతుంటాయి కనుక, ప్రాణం ఆధారపడిన చోట పాత సరుకు మోజు వద్దని నా అభిప్రాయం.

తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులతో వాహనాన్ని నింపేవారూ ఉన్నారు. సాధారణంగా దొరికే ఏ2-70 రకం తెగుబలం 700 మెగాపాస్కల్‌లు, సాగుడు మొదలయ్యే బలం 450 మాత్రమే. పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద గ్రీజు లేకుండా బిగిస్తే ఒకదానికొకటి కరుచుకుని మళ్లీ రావు. తొట్టి పలకలకు అవి ముచ్చటగా ఉంటాయి, స్టీరింగ్‌కు పనికిరావు.

పూత విషయంలో వ్యామోహం కన్నా జాగ్రత్త ముఖ్యం. పాత చిన్న బోల్టుల మీది మెత్తని వెండిరంగు పూత కాడ్మియం కావచ్చు. అది విషం, దాన్ని సానపట్టకూడదు, మంటతో కాల్చకూడదు. జింకు పూత వేయించుకునేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. 60 డిగ్రీల మర మీద పూత మందం ఎంతైతే, పోగుల నడుమ వ్యాసం దానికి నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇంతకుముందు చక్కగా తిరిగిన నట్టు పూత తరువాత ఎక్కకపోవడానికి కారణం ఇదే. ఇక 10.9, ఎనిమిదో శ్రేణి వంటి గట్టి ఉక్కును ఆమ్లంలో ముంచి విద్యుత్తుతో పూత వేస్తే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద చాలాసేపు కాల్చి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. అలా చేయని బోల్టు బిగించిన రోజు బాగానే ఉండి, ఏ కదలికా లేకుండా నిలబెట్టిన వాహనంలో మరునాడు తల తెగి కింద పడి కనబడవచ్చు.

వెదకడం, చేయించడం

ఈ లక్షణాలన్నీ రాసుకున్నాక వెదకులాట రూపమే మారిపోతుంది. 'ఫలానా సంవత్సరపు ట్రక్కు మడ్‌గార్డు బోల్టు' అని అడిగితే లేదనే సమాధానం వస్తుంది. '5/16, అంగుళానికి 18 పోగులు, ఒకటింపావు పొడవు, ఐదో శ్రేణి, తల కింద వాషరు కలిసి ఉన్నది' అని అడిగితే వాహనాలతో సంబంధం లేని బోల్టుల వ్యాపారి కూడా ఇవ్వగలడు. పొడవు విషయంలో మామూలు బోల్టుకు తల కింది నుంచి, రేకులోకి దిగే స్క్రూకు తలతో సహా కొలుస్తారు. తయారీ సంస్థ విడిభాగాల పుస్తకం దొరికితే అందులో బోల్టుల సంఖ్యలు, కొలతలు, ఏ ఏ మోడళ్లలో అదే వాడారన్నది ఉంటాయి. ఒకే సంస్థ కార్లకూ ట్రక్కులకూ అవే బోల్టులు వాడేది కనుక, ఎవరూ పట్టించుకోని తుక్కు కారు నుంచి మన ట్రక్కుకు కావలసింది దొరకవచ్చు. చదునైన శంకువు తల కింద చదరపు మెడ ఉన్న బోల్టులు నాగలి కర్రులకు ఇప్పటికీ వాడతారు. చదరపు తల బోల్టులు భారీ కలప నిర్మాణాలకు వాడతారు. ఒక రంగంలో చరిత్రలో కలిసిపోయిన ఆకారం మరో రంగంలో రోజువారీ సరుకు కావడం ఈ వెదకులాటలో తరచు ఎదురయ్యే సంగతి.

అప్పటికీ దొరకనిదాన్ని లేత్ మీద చేయించడమే మార్గం. మామూలు ఇనుప కడ్డీ నుంచి కాకుండా, సరైన శ్రేణిలో ఉన్న పెద్ద బోల్టునే తీసుకుని దాని ఒడలిని, తలను కావలసిన ఆకారానికి తొలిస్తే ఉక్కు బలం తెలిసినదై ఉంటుంది. వేడి చేసి వంచకూడదు. కోసేటప్పుడు నీలం రంగు తిరిగేంత వేడెక్కనివ్వకూడదు. కర్మాగారంలో మరను కోయరు, అచ్చుల మధ్య దొర్లించి నొక్కుతారు. అందువల్ల పోగుల అడుగున ఉక్కు మరింత గట్టిపడి, మళ్లీ మళ్లీ పడే ఒత్తిళ్లను బాగా తట్టుకుంటుంది. కాబట్టి వీలైనంత వరకు పెద్ద బోల్టు మీద ఉన్న మరను ముట్టకుండా తలను, ఒడలిని మాత్రమే మార్చుకునేలా ముడి బోల్టును ఎంచుకోవాలి.

పనివాడికి నమూనా బోల్టును చేతిలో పెట్టి 'ఇలాంటిది చెయ్యి' అనడం కన్నా ఒక కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వడం మంచిది. అందులో మర వ్యాసం, పోగుల లెక్క, మర పొడవు, నున్నని ఒడలి పొడవు, వ్యాసం, తల వెడల్పు, ఎత్తు, శంకువు ఉంటే దాని కోణం, ఉక్కు శ్రేణి, పూత, పూత మందానికి వదలవలసిన జాగా ఉండాలి. భుజం బోల్టైతే అది పట్టుకునే లింకు మందం కూడా పక్కనే రాయాలి. తలను తొలిచినప్పుడు దాని మీది శ్రేణి గీతలు చెరిగిపోతాయి కనుక, ఆ బోల్టు ఏ శ్రేణి ముడి బోల్టు నుంచి వచ్చిందో అదే కాగితం అడుగున రాసి, వాహనం పత్రాలతో పాటు దాచిపెట్టాలి; మరో ముప్పై ఏళ్లకు ఎవరో దాన్ని విప్పినప్పుడు గీతలు లేని ఆ తలను చూసి రెండో శ్రేణి అనుకోకుండా అదే కాపాడుతుంది.